తెడ్డు పట్టే ముందు నాడి పట్టండి

ఆళ్ళగడ్డ నుంచి ఒక తండ్రిగారు జాబు రాశారు. వారి అబ్బాయి ఇంగ్లండులో పై చదువు చదువుతూ అక్కడి పడవల క్లబ్బులో చేరాడట. తెల్లవారకముందే లేచి, చలిలో, ఎనిమిది మంది ఒకే పడవలో వరసగా కూర్చొని తెడ్లు వేస్తారట. "డాక్టరుగారూ, మొన్న కోవిడ్ వచ్చినట్టు రేపు మరొక మహమ్మారి వస్తే, ఆ క్లబ్బు కొన్నాళ్ళు మూసి మళ్ళీ తెరిస్తే, మావాడు పోవచ్చునా, కూడదా? పోతే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?" అని వారి ప్రశ్న.

నంద్యాలలో కూర్చొని జ్వరాలకు మందులు రాసే వైద్యుడికి పడవల సంగతి ఏం తెలుసునని మీరు నవ్వుకోవచ్చు. మన వైపు పడవ బొత్తిగా లేనిదేమీ కాదు సుమండీ. సుంకేసుల నుంచి కడప దాకా పోయే మన కె.సి. కాలువను 1863కూ 1870కీ మధ్య తవ్వినప్పుడు పొలాలకు నీళ్ళే కాదు, పడవల రాకపోకలు కూడా అందులో ఉద్దేశించారు. 1933 దాకా ఆ కాలువ మీద పడవలు నడిచాయి. ఇప్పుడు బర్రెలూ, బెండ్లు కట్టుకున్న పిల్లలూ ఈదుతున్నారు. పడవ పోయినా నీళ్ళు పోలేదు.

అయినా అసలు సంగతి పడవ కాదు. నలుగురు ఒకచోట చేరి, ఒళ్ళు వంచి, ఊపిరి ఎగబీల్చే పని ఏదైనా చిక్కు ఒకటే. కాలేజీ గ్రౌండులో తెల్లవారుజామున నడిచే పెద్దలకూ, షటిల్ ఆడే ఉద్యోగులకూ, కండలు పెంచే కుర్రవాళ్ళకూ, ఆ ఇంగ్లండు పిల్లవానికీ నేను చెప్పవలసినది ఇంచుమించు ఒకటే. ఈ విషయంలో నేను రెండు తప్పులు చేశాను. చదివిన దానికన్నా వాటివల్ల తెలుసుకున్నదే ఎక్కువ కనుక ముందు అవే చెబుతాను.

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్న సంగతి మీకు గుర్తే. అప్పటికి నంద్యాల ఇంకా కర్నూలు జిల్లాలోదే. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు వచ్చిన జిల్లాలలో మాది ఒకటి. వీధులకు కర్రలు అడ్డం కట్టారు. మా నడక బృందం పధ్నాలుగు మందిమి ఎవరి మిద్దె మీద వారం తిరిగేవాళ్ళము. మే నెలాఖరుకు ప్రేక్షకులు లేకుండా స్టేడియాలు తెరవవచ్చునన్నారు. ఆగస్టు 5 నుంచి వ్యాయామశాలలకు అనుమతి వచ్చింది. అక్టోబరు 15 తరువాత క్రీడాకారుల శిక్షణ కోసం ఈతకొలనులు తెరిచారు. ఆ నవంబరులో తుంగభద్రకు పుష్కరాలు వచ్చాయి గాని నదిలో మునగనివ్వలేదు. ఆళ్ళగడ్డలో ఉండే మా చిన్నాయనకు దీనిమీద మహా కోపం. "పారే నీళ్ళలో, బయలు గాలిలో మునిగితే ఏమవుతుందిరా? వచ్చే బస్సులో గదా అంటుకునేది!" అన్నాడు. ఆయన మాటలో సగం నిజమున్నదని నాకు తరువాత తెలిసింది. ఆ సగాన్ని ఆయనే మరచిపోయాడని కూడా తెలిసింది.

చిన్నాయన పెద్ద బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. ఆళ్ళగడ్డ చుట్టుపట్ల నలభై ఏళ్ళు దాటిన మగవాళ్ళలో చాలామందికి కాలువలోనో, బావిలోనో ఈత నేర్పింది ఆయనే. మెడలో ఈల లేకుండా ఆయనను నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

ఆ చలికాలం కేసులు తగ్గాక మేము మళ్ళీ నడక మొదలుపెట్టాము. వైద్యుణ్ణి కనుక నియమాలు నన్ను రాయమన్నారు. కాగితం మీద చక్కగా రాశాను: ఇద్దరిద్దరుగా నడవాలి, మధ్య రెండు బారల దూరం ఉండాలి, చేతులు కలపరాదు, జలుబు చేసినవారు రారాదు, ఎవరి నీళ్ళసీసా వారిదే. అందరూ పాటించారు. నాలుగు నెలలు ఎవరికీ చీమ కుట్టలేదు. నా కాగితం చూసి నేనే మురిసిపోయాను.

తరువాత ఎండలు ముదిరాయి. నంద్యాల ఎండ మీకు తెలియనిది కాదు. ఏప్రిల్‌లో ఏడు కొట్టేసరికి గ్రౌండులో నిలవలేము. నడక అయ్యాక మాలో ఒకరికి దగ్గరలోనే ఉన్న షట్టరు గదిలో కూర్చొని టీ తాగడం అలవాటైంది. లోపల కూలర్. ఎండ రాకుండా షట్టరు సగం దించేవాళ్ళము. నడకలో రెండు బారల దూరం పాటించిన మనుషులు ఆ గదిలో బల్ల చుట్టూ మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చొని, రాజకీయాలు వచ్చినప్పుడు గొంతు పెంచి, గంటసేపు మాట్లాడుకునేవారు. వారితో నేను కూడా. నా కాగితంలో నడక గురించి అంతా ఉన్నది; నడక తరువాతి గంట గురించి ఒక్క ముక్క లేదు.

2021 ఏప్రిల్‌లో ఒక ఆదివారం చిన్నాయన ఆళ్ళగడ్డ నుంచి మాతో నడవడానికి వచ్చాడు. నలభై కిలోమీటర్ల దారి. నలుగురితో కలిసి, అద్దాలు ఎత్తిన జీపులో. ఆ రోజు గదిలో తొమ్మిదిమందిమి కూర్చున్నాము. పది రోజులు తిరగకముందే ఆ తొమ్మిదిమందిలో ఆరుగురికి జ్వరం. ఆ ఉదయం మాతో నడిచి, టీకి రాకుండా నేరుగా ఇళ్ళకు పోయినవారు ఐదుగురు. వారికి ఏమీ కాలేదు. ఇంత చిన్న లెక్కతో శాస్త్రం తేలదని నాకూ తెలుసు. కానీ ఆ ఆరుగురిలో బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి మళ్ళీ గ్రౌండుకు రాలేదు. రోజూ టీ డబ్బులు తానే ఇస్తానని పట్టుపట్టేవాడు. వారి ఇంటిముందునుంచి పోవలసి వస్తే ఇప్పటికీ సందు మార్చి పోతాను.

ఇది నా మొదటి తప్పు. నలుగురు కలిసే ఆట ఏదైనా మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఆటను మాత్రమే చూడకండి. ఎలా వస్తారు, ఎక్కడ బట్టలు మార్చుకుంటారు, ఆట అయ్యాక ఎక్కడ కూర్చుంటారు అన్నది ముందు చూడండి. మన ఇంగ్లండు పిల్లవానికి నది మీద గాలి బాగానే ఆడుతుంది. పడవలు దాచే కొట్టం, బట్టల గది, చలికాలం తెడ్డు యంత్రాల మీద సాధన చేసే మూసిన హాలు, పందెం ఊరికి పోయే వ్యాను: అసలు భయం అక్కడ. ఇంటినుంచి ఆటబట్టలతోనే వచ్చి, ఆట కాగానే ఇంటికే పోయి స్నానం చేయడం అన్నిటికన్నా చవకైన మందు.

ఊపిరికీ గదికీ ఉన్న లంకె ఎంతటిదో దక్షిణ కొరియాలో బయటపడింది. 2020 ఫిబ్రవరిలో అక్కడ చొనాన్ నగరం వైపు పన్నెండు వ్యాయామశాలల్లో పాటలకు తగ్గట్టు వేగంగా గంతులు వేసే తరగతుల ద్వారా 112 మందికి వ్యాధి అంటుకున్నది. చిన్న గదులు, కిక్కిరిసిన జనం, ఎగశ్వాస. చిత్రమేమంటే, వ్యాధి సోకిన శిక్షకులలో ఒకరు ఏడెనిమిది మందికి యోగా వంటి నెమ్మది వ్యాయామం కూడా నేర్పేవారు. ఆ తరగతిలో ఎవరికీ రాలేదు. ఒళ్ళు కష్టపడేకొద్దీ మనిషి పీల్చి వదిలే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది. మందిని తగ్గించి, వేగాన్ని తగ్గించి, గాలిని పెంచితే సగం ప్రమాదం పోతుంది.

ఇక్కడ షటిల్ ఆడేవారికి ఒక మాట. మీరు బంతి గాలికి పక్కకు పోతుందని హాలు తలుపులు, కిటికీలు బిగించి, పంకాలు ఆపి ఆడతారు. ఆటకు అది మంచిదే, ఊపిరికి చెడ్డది. వ్యాధి తిరిగే రోజుల్లో బంతి పక్కకు పోతే పోనివ్వండి. లేదా ఆరుబయట ఆడండి. గదిలో గాలి కదులుతున్నదా లేదా అని తెలుసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. ఒక అగరుబత్తి వెలిగించి మూలన పెట్టండి. పొగ అక్కడే తారాడుతుంటే మీ ఊపిరి కూడా అక్కడే తారాడుతున్నదన్నమాట. 2020లో మేము రాకెట్ల పిడులను రోజుకు మూడుసార్లు మందునీళ్ళతో తుడిచి, కిటికీలు మాత్రం మూసి ఆడినవాళ్ళము! చింతపండు పొట్లాన్ని కూడా కడిగిన రోజులవి. వస్తువులను పట్టుకోవడం వల్ల కన్నా ఒకే గాలి పీల్చడం వల్లనే ఈ వ్యాధి ఎక్కువగా వ్యాపిస్తుందని తరువాత తేలింది. చేతులు సబ్బుతో కడుక్కోండి, తెడ్ల పిడులు కడగండి, తప్పులేదు. కానీ కిటికీ ముందు, సబ్బు తరువాత.

పెద్ద పడవలో ఎనిమిదిమంది తెడ్లు వేస్తుంటే, చుక్కాని పట్టేవాడు వారికి ఎదురుగా కూర్చొని కేకలు పెట్టి లయ చెబుతాడు. ఎదురుగా ఉన్నవాడు ఎగశ్వాసతో గాలి వదులుతుంటాడు. ఇతడు అతని ముఖం మీదికి అరుస్తుంటాడు. కనుక మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఒంటరి పడవలతో మొదలుపెట్టి, తరువాత ఇద్దరివి, చివరకు ఎనిమిదిమందివి దింపడం తెలివైన పద్ధతి. ఒకే ఇంట్లో ఉండేవారు మొదటినుంచీ ఒకే పడవలో కూర్చున్నా కొత్తగా వచ్చే ప్రమాదమేమీ లేదు. మన కబడ్డీకి కూడా ఇదే న్యాయం: ఎదుటివాడి ముఖం మీద కూత, ఆపైన పట్టు. తొడ చరిచి ముందుగా దిగవలసిన ఆట కాదది, అన్నిటికన్నా చివర మొదలుపెట్టవలసినది. మన దేశపు ప్రొ కబడ్డీ పోటీలు కూడా 2020లో జరగలేదు. 2021 డిసెంబరులో బెంగుళూరులో, ఆటగాళ్ళందరినీ ఒకేచోట ఉంచి, ప్రేక్షకులు లేకుండా మొదలుపెట్టారు. కేరళలో ఆలప్పుళ దగ్గర జరిగే నెహ్రూ ట్రోఫీ పడవపందెం రెండేళ్ళు ఆగి 2022 సెప్టెంబరు 4న జరిగింది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిల పందెం 2020లో రద్దయింది; మరుసటి ఏడు లండన్‌లో థేమ్స్ మీద కాక, ఈలీ అనే ఊరి దగ్గర, జనం చేరకుండా నడిపించారు. పేరుమోసిన వారే ఆగినప్పుడు మనం రెండు నెలలు ఆగితే పరువేమీ పోదు.

అయితే ఒంటరి పడవలో ఒక గొయ్యి ఉన్నది. జాగ్రత్తపరులే అందులో పడతారు. వ్యాధి భయంతో పిల్లవాణ్ణి ఒంటరిగా నీటిమీదికి తోస్తే వాడిని జబ్బునుంచి తప్పించి మునకకు అప్పగించినట్టు అవుతుంది. కొత్తగా నేర్చుకునేవాణ్ణి ఎన్నడూ ఒంటరిగా దింపరాదు. ఒడ్డునో, తోడు పడవలోనో కనిపెట్టి చూసే మనిషి ఉండి తీరాలి. మునిగేవాడి దగ్గర దూరం పాటించరాదు. ముందు లాగండి, జ్వరం సంగతి తరువాత చూద్దాము. నెలల తరబడి మూలనపడిన పడవ చెక్కలు, తాళ్ళు, తేలే కోట్లు ఒకసారి పరీక్షించి దింపండి. నెలలుగా వాడని నీళ్ళతొట్టి, షవరు గొట్టాలలో కూడా ఊపిరితిత్తులకు చెరుపు చేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పాతనీళ్ళు పూర్తిగా వదిలేసి, శుభ్రం చేయించి వాడుకోవాలి. కాళ్ళకు పుండ్లు, కోతలు ఉన్నవారు కాలువలో దిగరాదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే జ్వరం ఒకటున్నది. అది కామెర్ల దాకా పోగలదు.

ఇక నా రెండో తప్పు.

చిన్నాయనకు జ్వరం ఐదు రోజులుండి తగ్గింది. అప్పటికి టీకా ఒక మోతాదు వేయించుకొని ఉన్నాడు. ఆసుపత్రిలో చేరవలసిన అవసరం రాలేదు. పన్నెండో నాడు ఫోను చేశాడు. "నాకేమైందిరా, గుండ్రాయి మాదిరి ఉండాను. గ్రౌండుకు పోవచ్చునా?" వేలికి తగిలించే యంత్రంలో ప్రాణవాయువు ఎంత చూపుతున్నదని అడిగాను. 97 అన్నాడు. "అయితే నడువు" అన్నాను. అవతల గదిలో నలుగురు రోగులు ఎదురుచూస్తున్నారు; అంతకు మించి అడగలేదు. ఎంతసేపు నడవాలో చెప్పలేదు. కూర్చొని చూశాడా, నడిచి చూశాడా అని అడగలేదు. నడువు అంటే డ్రిల్లు మాస్టారుకు పరుగెత్తు అని అర్థమన్న సంగతి కూడా మరచిపోయాను.

గ్రౌండులో రెండు చుట్లు పరుగెత్తి, గోలుపోస్టు పట్టుకొని కూలబడ్డాడట. కుర్రవాళ్ళు మోటారుసైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ఇంటికి చేర్చారు. సాయంకాలం నంద్యాలకు తీసుకువచ్చారు. కూర్చున్నప్పుడు మళ్ళీ 97. వరండాలో ఆరు నిమిషాలు నడిపించాను. 90కి దిగింది. పెదవులు నల్లబడుతున్నా, "ఎండకురా అది" అంటున్నాడు. అదృష్టవశాత్తు గుండెకు హాని జరగలేదని పరీక్షల్లో తేలింది. ఊపిరితిత్తులు మాత్రం ఇంకా మానలేదు. మళ్ళీ పూర్వంలా తిరగడానికి మూడు నెలలు పైగా పట్టింది.

కాబట్టి జబ్బుపడి లేచినవారు శ్రద్ధగా వినండి. లక్షణాలన్నీ పోయి వారం రోజులు గడిచేదాకా కష్టమైన వ్యాయామం పెట్టుకోకండి. ఇంటి పనులు, స్నానం, మేడ మెట్లు ఆయాసం లేకుండా చేసుకోగలుగుతున్నారా అన్నది మొదటి పరీక్ష. రెండవది ఆరు నిమిషాల నడక: పక్కన ఒక మనిషిని పెట్టుకొని, సమంగా ఉన్న నేలమీద నడిచి, ముందూ వెనకా యంత్రంలో చూడండి. అంకె 94కి తక్కువైనా, మొదటి అంకెకన్నా మూడు నాలుగు తగ్గినా ఆగిపోయి వైద్యుణ్ణి కలవండి. కూర్చున్నప్పటి అంకెను చూసి మురిసిపోవద్దు, నేను మురిసిపోయాను.

మొదటి రెండు వారాలు నడుస్తూ పాట కూడా పాడగలిగేంత నెమ్మదిగా నడవండి. ఆ తరువాత వారం వారం కొంచెం పెంచి, మాట వస్తుంది గాని పాట రాదు అన్నంత వేగానికి రండి. మాట కూడా తెగిపోయే వేగం ఇంకా తరువాతి సంగతి. పొద్దున చేసిన దానికి మరునాడు కూడా ఒళ్ళు పులిసి, మంచం దిగబుద్ధి కాకపోతే మీరు పెంచింది ఎక్కువైందన్నమాట. ఒక మెట్టు దిగండి. దీనికి సిగ్గుపడనక్కరలేదు. ఛాతీలో నొప్పి, గుండెదడ, కళ్ళు తిరిగి పడడం, చిన్నపనికే ఆయాసం: ఇందులో ఏ ఒక్కటి కనబడినా అదే రోజు వైద్యుని దగ్గరికి పోయి ఇ.సి.జి. తీయించుకోండి. వైరస్ వల్ల అప్పుడప్పుడు గుండె కండరం వాస్తుంది. అటువంటివారు మూడు నుంచి ఆరు నెలలు ఆటలు పూర్తిగా మానాలి, ఎంత పడుచువారైనా సరే. నిజానికి పడుచువారికే ఈ మాట గట్టిగా చెప్పాలి. అరవై ఏళ్ళవాడు భయపడి ఆగుతాడు, ఇరవై ఏళ్ళవాడు జట్టులో చోటు పోతుందని నొప్పి దాస్తాడు. మా చిన్నాయన మాత్రం అరవై ఆరేళ్ళప్పుడు కూడా ఇరవై ఏళ్ళవాడే.

మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు మొదటి రోజుకు ముందే వైద్యుణ్ణి అడగాలి. ఆళ్ళగడ్డ శిల్పుల సోదరులకు ప్రత్యేకంగా చెబుతున్నాను: ఏళ్ళ తరబడి రాతిపొడి పీల్చిన ఊపిరితిత్తులు జ్వరానికి ముందే కొంత దెబ్బతిని ఉండవచ్చు. మీకు ఆయాసం వస్తే వయసు మీద నెట్టకండి, పరీక్ష చేయించుకోండి.

మహమ్మారి అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఇకముందు ఎప్పుడు ఏది వస్తుందో గాని, ఏటేటా వచ్చే ఫ్లూకి కూడా ఈ మాటలు వర్తిస్తాయి. ఆ తండ్రిగారికి నా జవాబు: అబ్బాయిని పోనివ్వండి. గదిలో ఒంటరిగా కూర్చొని కుమిలిపోవడం కూడా జబ్బే. క్లబ్బువారు రాకపోకల పేర్లు రాసుకుంటున్నారా, ఎవరికైనా వ్యాధి వస్తే మిగతావారికి కబురు చేస్తారా అని అడగమనండి. గొంతునొప్పితో వచ్చినవాణ్ణి వెనక్కు పంపితే జట్టులో వాడి చోటు పోకుండా ఉంచుతారా అని కూడా అడగమనండి. చోటు పోతుందంటే ఎవడూ నిజం చెప్పడు.

ఆ ఏడు ఆగస్టులో కాలువకు నీళ్ళు వచ్చినప్పుడు ఆళ్ళగడ్డ పోయాను. చిన్నాయన గట్టు మీద నిలబడి ఈత నేర్పుతున్నాడు. పిల్లలు ఇద్దరిద్దరే నీళ్ళలో ఉన్నారు, మిగతావారు దూరదూరంగా గట్టున కూర్చొని ఉన్నారు. ఈల ఊదడమంటే పూర్తి ఊపిరి బలంగా బయటికి వదలడమే కనుక దాన్ని మానిపించాలని నేను నెలరోజులు పోరాడాను. మెడలో ఈల ఉన్నది గాని చేతిలో ఇత్తడి పళ్ళెం, గరిటె ఉన్నాయి. ఠంగున కొడితే అవతలి గట్టు మీది బర్రెలు కూడా తలెత్తి చూశాయి. తాను మాత్రం నడుము లోతుకు దిగి ఆగాడు.

మొన్న ఈ జాబు చదివి వినిపిస్తే అంతా విని, "అన్నీ రాసినావు గాని అసలుది రాయలేదు. ఆ పిల్లోణ్ణి టీ తాగడానికి లోపలికి పోవద్దని రాయిరా" అన్నాడు.